ఇంగ్లీషు మాటల పుట్టుక: ఫార్వర్డ్‌లలో తిరిగే కథలు, నిఘంటువుల్లో దొరికే సాక్ష్యాలు

నమస్కారం అండీ. న్యూస్ అనే మాట ఎలా పుట్టిందో తెలుసా అంటూ వాట్సాప్‌లో ఒక మెసేజ్ ఏళ్ల తరబడి తిరుగుతోంది. మీకూ వచ్చే ఉంటుంది. ఎన్ అంటే నార్త్, ఈ అంటే ఈస్ట్, డబ్ల్యూ అంటే వెస్ట్, ఎస్ అంటే సౌత్. నాలుగు దిక్కుల నుంచి వచ్చే కబురు కాబట్టి న్యూస్ అన్నారట. వినడానికి బాగుంటుంది, పిల్లలకు ఇట్టే గుర్తుండిపోతుంది. కానీ అది నిజం కాదండీ.

అసలు సంగతి ఇది. న్యూ అంటే కొత్త. దాని చివర ఎస్ చేరితే కొత్తవి, అంటే కొత్త సంగతులు. పాత ఫ్రెంచిలో కూడా కొత్త అనే మాటకు బహువచనం చేసి కబుర్లు అనే అర్థంలో వాడేవారు. ఇంగ్లీషులోనూ అదే పద్ధతి వచ్చింది. 15వ శతాబ్దం నాటికే ఈ వాడుక ఉంది. అప్పట్లో స్పెల్లింగుకు ఒక కట్టుబాటు లేదు. ఒకరు ఎన్ ఈ డబ్ల్యూ ఈ ఎస్ అని రాస్తే, ఇంకొకరు ఎన్ ఈ డబ్ల్యూ ఐ ఎస్ అని రాసేవారు. ఇవి దిక్కుల పేర్లలోని మొదటి అక్షరాలే అయితే మధ్యలో ఆ ఐ ఏ దిక్కుకు చెందింది? పైగా షేక్‌స్పియర్ నాటకాల్లో ఈ మాట ఏకవచనంగానూ కనిపిస్తుంది, బహువచనంగానూ కనిపిస్తుంది. పోటీ పరీక్షల్లో న్యూస్ ఈజ్ అనాలా, న్యూస్ ఆర్ అనాలా అని అడుగుతారు చూడండి, ఆ తికమక మూలం ఇక్కడే ఉంది. మాట పుట్టింది బహువచనంగా, స్థిరపడింది ఏకవచనంగా.

టిప్ కూడా అలాంటిదే. హోటల్లో సర్వర్‌కు ఇచ్చే టిప్. "టు ఇన్‌ష్యూర్ ప్రాంప్ట్‌నెస్" అనే మూడు మాటల పొడి అక్షరాలతో పుట్టిందని చెబుతారు. పని త్వరగా అయ్యేలా ముందే ఇచ్చే డబ్బు అట. ఇది కూడా తర్వాత అల్లిన కథే. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో దొంగల ముఠాలు తమలో తాము మాట్లాడుకునే రహస్య భాషలో టిప్ అంటే ఇవ్వడం, చేతికి అందించడం. అక్కడి నుంచి సేవకులకు చేతిలో పెట్టే చిల్లరకు ఆ పేరు వచ్చింది.

పొడి అక్షరాలు కలిపి మాట తయారు చేయడం అనే అలవాటే ఇంగ్లీషులో చాలా కొత్తది. రాడార్, లేజర్ అలా పుట్టిన మాటలే. రెండూ 20వ శతాబ్దపువి. అంతకు ముందు ఇలాంటివి చాలా అరుదు. కాబట్టి మూడు నాలుగు వందల ఏళ్ల నాటి మాట ఒకటి పొడి అక్షరాల్లోంచి పుట్టిందని ఎవరైనా చెబితే అక్కడే అనుమానించాలి.

మరి ఏది నిజమో ఎలా తెలుస్తుంది? కథ ఎంత బాగుందన్నది లెక్కలోకి రాదు. ఆ మాట మొట్టమొదట ఎక్కడ, ఏ ఏడాది, ఏ అర్థంలో రాసి ఉందో చూడాలి. ఈ పని కోసం కొందరు జీవితాలే ధారపోశారు. 1857లో లండన్‌లోని ఫిలలాజికల్ సొసైటీ ఒక కొత్త నిఘంటువు కావాలని నిర్ణయించింది. 1879లో జేమ్స్ ముర్రే అనే స్కూలు మాస్టారు దానికి సంపాదకుడయ్యారు. ఆయన ఇంటి ఆవరణలో ఇనుప రేకుల షెడ్డు వేసుకుని కూర్చున్నారు. పాత పుస్తకాలు చదివి, అందులో ఒక మాట ఉన్న వాక్యాన్ని చీటీ మీద రాసి, పుస్తకం పేరు, ఏడాది వేసి పంపండి అని ప్రజలను అడిగారు. లక్షల చీటీలు వచ్చాయి. అలా పంపినవారిలో విలియం మైనర్ అనే అమెరికన్ ఆర్మీ డాక్టర్ ఒకరు. మతి చెడి ఒక మనిషిని కాల్చి చంపి, బ్రాడ్‌మూర్ అనే మానసిక చికిత్సాలయంలో బందీగా ఉన్న మనిషి ఆయన. ఆ గదిలో కూర్చునే వేల చీటీలు రాసి పంపారు. మొదటి భాగం 1884లో, చివరి భాగం 1928లో వచ్చాయి. అదే ఈనాటి ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ. మొదటి ముద్రణలోనే 18 లక్షలకు పైగా ఉదాహరణ వాక్యాలున్నాయి. అంత పని జరిగి ఉండగా ఎవరో ఊహించి చెప్పింది మనం అలాగే ఫార్వర్డ్ చేస్తుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఆ చీటీల పద్ధతితో ఇప్పుడు పోష్ అనే మాటను పరీక్షిద్దాం. జూబ్లీహిల్స్ పోష్ ఏరియా అంటాం కదా, అదే. దీని కథలో మన దేశం కూడా ఉంది. బ్రిటన్ నుంచి ఇండియాకు ఓడలో వచ్చేటప్పుడు ఎండ ఎక్కువగా కుడివైపు పడుతుంది, ఎడమవైపు గదులు చల్లగా ఉంటాయి. తిరిగి వెళ్లేటప్పుడు కుడివైపు చల్లగా ఉంటుంది. ఓడవాళ్ల భాషలో ఎడమ అంటే పోర్ట్, కుడి అంటే స్టార్‌బోర్డ్. డబ్బున్న దొరలు వచ్చేటప్పుడు పోర్ట్, వెళ్లేటప్పుడు స్టార్‌బోర్డ్ గదులు తీసుకునేవారనీ, "పోర్ట్ ఔట్, స్టార్‌బోర్డ్ హోమ్" అనే మాటల పొడి అక్షరాలను టికెట్ మీద ముద్ర వేసేవారనీ చెబుతారు.

కథలో భూగోళం లెక్క సరిగ్గానే ఉంది. అందుకే చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతారు. కానీ ఆ ముద్ర ఉన్న టికెట్ ఒక్కటంటే ఒక్కటి ఇంతవరకు దొరకలేదు. వేలమంది ప్రయాణం చేశారు, ఉత్తరాలు, డైరీలు, సామాన్ల చీటీలు దాచుకున్నారు. ఎక్కడా లేదు. పోష్ అసలు పుట్టుక ఏమిటన్నది పండితులు ఇంకా తేల్చలేదు. 19వ శతాబ్దపు లండన్ వీధి భాషలో పోష్ అంటే చిల్లర డబ్బు. అది యూరప్‌లోని జిప్సీలు మాట్లాడే రోమానీ భాషలో సగం అనే మాట నుంచి వచ్చింది, అర పెన్నీ నాణేన్ని అలా పిలిచేవారు. ఇంకోచోట పోష్ అంటే సోకులరాయుడు. ఈ రెంటిలో ఏదో ఒకటి మూలం కావచ్చని ఒక ఊహ. అన్నట్టు రోమానీ మాట్లాడేవారి పూర్వీకులు దాదాపు వెయ్యేళ్ల కిందట ఉత్తర భారతం నుంచి వెళ్లినవారు. స్నేహితుణ్ని ఇంగ్లీషులో పాల్ అంటారు కదా, అది రోమానీలో సోదరుడు అనే మాటే. సంస్కృతంలోని భ్రాతకు అది వారసురాలు. చూశారా, ఓడ టికెట్ కథ పోయినా ఇండియాతో బంధం ఉన్న మాట వేరొకటి మనకు దొరికింది.

శాలరీ సంగతి కొంచెం వేరు. ఇందులో సగం నిజం ఉంది. లాటిన్‌లో సలారియం అంటే జీతం, సాల్ అంటే ఉప్పు. రెండు మాటలకూ సంబంధం ఉన్నట్టే. అయితే రోమన్ సైనికులకు జీతం కింద ఉప్పే ఇచ్చేవారనే మాటకు ఆనాటి రాతల్లో ఆధారం లేదు. సైనికుడి జీతానికి లాటిన్‌లో అసలు పేరు స్టిపెండియం. మన రీసెర్చ్ స్కాలర్లు, హౌస్ సర్జన్లు ప్రతి నెలా ఎదురుచూసే స్టైపెండ్ అదే. ఆ మాటలో ఉన్నది నాణెం, తూచడం అనే అర్థాలు.

ఇక డెడ్‌లైన్. ఈ ఒక్క మాట దగ్గర కాసేపు ఆగుతాను. ఆఫీసులో రోజుకు ఎన్నిసార్లు వాడతామో లెక్కే ఉండదు. డెడ్‌లైన్ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది అంటాం. ఈ మాట అమెరికా అంతర్యుద్ధంలో ఒక జైల్లో కనిపిస్తుంది. 1864లో దక్షిణాది రాష్ట్రాల సైన్యం జార్జియాలోని ఆండర్సన్‌విల్ దగ్గర ఒక శిబిరం పెట్టింది. ఉత్తరాది సైనికులను పట్టుకొచ్చి అందులో ఉంచేవారు. చుట్టూ పైన్ దుంగలు పాతిన ఎత్తయిన కంచె. ఆ కంచెకు సుమారు 19 అడుగుల లోపల, తక్కువ ఎత్తులో గుంజలు పాతి వాటి మీద సన్నటి కర్ర పట్టీ కొట్టారు. దాన్నే డెడ్ లైన్ అన్నారు. ఖైదీ దాన్ని దాటితే, పైన మంచెల మీద ఉన్న కాపలావాడు హెచ్చరిక లేకుండా కాల్చవచ్చు. కొన్నిచోట్ల ఆ పట్టీ విరిగిపోయి గీత ఎక్కడుందో తెలిసేది కాదు. 14 నెలల్లో అక్కడికి దాదాపు 45,000 మందిని తెచ్చారు. వారిలో 13,000 మంది వరకు చనిపోయారు. ఎక్కువమంది పోయింది తూటాలతో కాదు, ఆకలితో, విరేచనాలతో, స్కర్వీతో. యుద్ధం అయ్యాక శిబిరం అధికారి హెన్రీ విర్జ్‌ను విచారించి 1865 నవంబర్ 10న ఉరి తీశారు. ఆ విచారణలో ఈ గీత ప్రస్తావన పదే పదే వచ్చింది, దేశమంతా పేపర్లలో చదివింది.

తర్వాత అచ్చు యంత్రాల మీద, ఈ గీత దాటితే అక్షరం కాగితం మీద పడదు అని చూపే గుర్తుకు ఇదే పేరు కనిపిస్తుంది. 20వ శతాబ్దం మొదట్లో అమెరికన్ పత్రికాఫీసుల్లో వార్త అందాల్సిన చివరి సమయం డెడ్‌లైన్ అయింది. జైలు గీత నుంచి పత్రికాఫీసుకు ఈ మాట నేరుగా వచ్చిందని గట్టిగా చెప్పలేం. దాటకూడని హద్దు అనే అర్థం మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఒకటే. ఈ చరిత్ర చదివాక ఆ మాట నేను తేలిగ్గా అనలేకపోతున్నాను, గడువు అని అంటున్నాను.

ఇప్పుడు మన వైపు వద్దాం. ఇంగ్లీషు మాటల గురించి మన అభిమానంతో పుట్టిన ఫార్వర్డ్‌లు కూడా ఉన్నాయి. నావిగేషన్ అనే మాట సంస్కృతంలోని నవగతి నుంచి వచ్చిందని ఒకటి. అదీ పరీక్షకు నిలవదు. లాటిన్‌లో నావిస్ అంటే ఓడ, అగెరె అంటే నడపడం. రెండూ కలిసి నావిగేషన్. లాటిన్ నావిస్, సంస్కృతం నౌ అక్కాచెల్లెళ్లు, రెండింటికీ తల్లి ఇంకా పాత భాష. చెల్లెల్ని కూతురు అనకూడదు కదా. ఇలాంటివి చెబితే కొందరికి కోపం వస్తుంది. కానీ తప్పుడు గొప్ప మనకెందుకండీ, గట్టి సాక్ష్యం ఉన్న గొప్పే మనకు ఉన్నప్పుడు?

ఆ సాక్ష్యం పేరు పందికొక్కు. అవును, ఇంగ్లీషులోని బ్యాండికూట్ అచ్చంగా మన తెలుగు మాట. హెన్రీ యూల్, ఏ. సి. బర్నెల్ అనే ఇద్దరు తయారు చేసిన హాబ్‌సన్-జాబ్‌సన్ అనే నిఘంటువు 1886లో వచ్చింది. ఇండియాలో ఉన్న ఇంగ్లీషువాళ్లు వాడే మాటలన్నీ అందులో ఉన్నాయి. బ్యాండికూట్ దగ్గర తెలుగు పందికొక్కు నుంచి వచ్చిందని స్పష్టంగా రాసి ఉంది. పంది, కొక్కు అని విడదీసి అర్థం కూడా చెప్పారు. పల్లెలో పెరిగినవారికి దీని గురించి నేను చెప్పేదేముంది! చేను గట్ల కింద బొరియలు తవ్వి వెన్నులు కొరికి లోపల దాచుకుంటుంది, ఎదురుపడితే పందిలాగే గుర్రుమంటుంది. జనం సొమ్ము పందికొక్కుల్లా తింటున్నారని రాజకీయ నాయకులను తిట్టడానికీ ఇదే పనికొస్తుంది.

ఈస్టిండియా కంపెనీవాళ్లు 1611లో మచిలీపట్నంలో దిగారు. తర్వాత మద్రాసు చేరారు. రెండు చోట్లా వాళ్ల చుట్టూ తెలుగు మాట్లాడేవాళ్లున్నారు. సరుకు నిల్వ పెట్టేవాళ్లకు పందికొక్కు కన్నా పెద్ద శత్రువు ఏముంటుంది? సరుకు దాచిన ఆ చోటును వాళ్లు గోడౌన్ అన్నారు. ఆ మాట మలయ్ భాషలోని గుడాంగ్ ద్వారా ఇంగ్లీషుకు వచ్చింది. ఆ మలయ్ మాటకు మూలం తెలుగు గిడ్డంగి గానీ, తమిళ కిడంగు గానీ అయి ఉండాలని నిఘంటువులు చెబుతున్నాయి. రెండింటిలో ఏది అన్నది విడదీయడం కష్టం, కాబట్టి గోడౌన్ మా తెలుగుదే అని పందెం కాయకండి. పందికొక్కు విషయంలో మాత్రం ఎవరితోనైనా కాయవచ్చు.

తర్వాత జరిగింది ఇంకా విచిత్రం. ఇంగ్లీషువాళ్లు ఆస్ట్రేలియా వెళ్లాక అక్కడ పొడుగు మూతితో నేల తవ్వి పురుగులు తినే ఒక చిన్న జంతువు కనిపించింది. కంగారూలాగా కడుపుకు సంచి ఉన్న జంతువు అది, ఎలుక జాతితో ఏ సంబంధమూ లేదు. కానీ చూడగానే ఇండియాలో చూసిన పందికొక్కు గుర్తొచ్చిందేమో, దాన్నీ బ్యాండికూట్ అనేశారు. ఆ పేరే స్థిరపడింది. ఈరోజు ప్రపంచంలో ఎక్కువమందికి బ్యాండికూట్ అంటే ఆ ఆస్ట్రేలియా జంతువే. 1996లో వచ్చిన క్రాష్ బ్యాండికూట్ అనే వీడియో గేమ్‌లో హీరో కూడా అదే. మన పందికొక్కుకు మిగిలింది శాస్త్రీయ నామం. జీవశాస్త్రవేత్తలు దాని ప్రజాతికి బండికోటా అని పేరు పెట్టారు, ఏ దేశపు జంతుశాస్త్ర గ్రంథంలోనైనా ఆ పేరే ఉంటుంది.

మీరే స్వయంగా వెతకాలనుకుంటే మూడు చోట్లు చెబుతాను. ఇంగ్లీషు మాటల పుట్టుకకు ఎటిమాన్‌లైన్ అనే వెబ్‌సైట్ ఉంది, ఉచితం, మాట కొడితే ఏ శతాబ్దంలో ఏ అర్థంలో వాడారో చూపిస్తుంది. హాబ్‌సన్-జాబ్‌సన్ పూర్తిగా ఇంటర్నెట్‌లో ఉంది. షికాగో విశ్వవిద్యాలయం పెట్టిన దక్షిణాసియా నిఘంటువుల సైట్‌లో దొరుకుతుంది. సి. పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు కూడా అదే సైట్‌లో ఉంది. మీకు వచ్చిన ఫార్వర్డ్‌లలో అనుమానంగా ఉన్న మాట ఏదైనా ఉంటే కామెంట్లలో రాయండి. వాటిని ఒక్కొక్కటీ వెతికి, మొదటి వాడుక ఏ ఏడాదిదో పట్టుకుని వచ్చే వీడియోలో చెబుతాను.