కథలో మనవాడెవరు?

శ్రోతలకు నమస్కారం.

పాత సినిమాలను మళ్ళీ విడుదల చేయడం మన దగ్గర ఇప్పుడొక పండగైపోయింది. 2022 ఆగస్టులో ‘పోకిరి’తో ఊపందుకుంది. హీరో పుట్టినరోజు, కాగితం ముక్కలు, ఈలలు, అదంతా మనకు కొత్తేం కాదు. నన్ను ఆలోచనలో పడేసింది ‘ఆరెంజ్’ సంగతి. 2010లో వచ్చినప్పుడు ఆ సినిమా ఆడలేదు. 2023లో మళ్ళీ వేస్తే జనం విరగబడి వచ్చారు. అదే ఏడాది ఆగస్టులో ‘సూర్య సన్నాఫ్ కృష్ణన్’ వేశారు. అది తమిళం నుంచి డబ్బింగైన సినిమా, ఒక తండ్రి, ఒక కొడుకు కథ. దానికీ అంతే. తెరమీద పాట మొదలైతే చాలు, హాలు హాలంతా గొంతు కలిపింది.

గొంతు కలిపిన పిల్లల వయసు చూడండి. చాలామందికి ఇరవై, ఇరవై రెండు. ఆ సినిమాలు మొదటిసారి వచ్చినప్పుడు వీళ్ళు బడికి వెళ్ళనని మారాం చేసే వయసువాళ్ళు. తర్వాతెప్పుడో టీవీలోనో ఫోన్‌లోనో చూసుంటారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఒక్కరే చూసుంటారు. చూసి, ఇది నా కథే అనుకున్నారు. అలా అనుకున్నది తామొక్కరే కాదని తెలుసుకోవడానికి హాలుకొచ్చారు. నాకలాగే అనిపిస్తుంది. చేతిలో ఫోన్‌లో ఉన్న సినిమాకి టికెట్ కొనుక్కుని మరీ రావడానికి ఇంకో కారణం నాకైతే తోచడం లేదు.

ఈ పది నిమిషాలూ ఆ మాటే మాట్లాడుకుందాం. వయసులో ఉన్న పిల్లలు కథల్లో, సినిమాల్లో తమను తాము వెతుక్కోవడం గురించి. అది మంచిదా చెడ్డదా అన్న చర్చ జోలికి నేను వెళ్ళను. వెతుక్కుంటారు. మనమూ వెతుక్కున్నాం.

నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది. ‘ఆకలి రాజ్యం’. 1981 సంక్రాంతి రోజుల్లో వచ్చింది. బాలచందర్ దర్శకత్వం, గణేశ్ పాత్రో మాటలు, కమల్ హాసన్, శ్రీదేవి. మీలో చాలామంది చూసే ఉంటారు. చూసినా సరే, మళ్ళీ చెబుతాను. నాకు చెప్పాలనుంది.

రంగారావని ఒక కుర్రాడు. చదువుకున్నవాడు. తండ్రి సంగీతం తెలిసిన మనిషి, ఆయనకీ ఇతనికీ పడదు. ఢిల్లీలో ఒక చిన్న గదిలో ఇద్దరు స్నేహితులతో ఉంటూ ఉద్యోగం కోసం తిరుగుతుంటాడు. జేబులో డబ్బుల్లేవు. పొయ్యి వెలగదు. పైగా మనవాడికి నోరు ఊరుకోదు. తలవంచుకుని ‘అవునండి’ అంటే ఎక్కడో ఒకచోట పని దొరికేదేమో. అనడు.

ఒకరోజు ఆ గదికి దేవి అనే అమ్మాయి వస్తుంది. ఈ ముగ్గురికీ తిని ఎన్నాళ్ళయిందో! కానీ ఆ అమ్మాయి ముందు పరువు పోకూడదు కదా. అందుకని లోపల ఖాళీ కంచాల ముందు కూర్చుని, తింటున్నట్టు నటిస్తారు. నమలడం, జుర్రుకోవడం, అన్నీ ఉంటాయి, ఒక్క అన్నం తప్ప. చూసేవాళ్ళం నవ్వుతాం. నవ్వుతూ నవ్వుతూ ఉండగా ఎక్కడో గొంతులో పడుతుంది. 1981లో హాల్లో కూర్చున్న కుర్రాళ్ళలో ఎంతమంది ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో పేరు రాయించుకుని, కార్డు రెన్యువల్ చేయించుకుంటూ, ఇంట్లో ‘ఇంకా ఏమీ రాలేదా’ అన్న ప్రశ్న తప్పించుకుంటూ ఉన్నవాళ్ళో ఆలోచించండి. చుట్టం ఇంటికొస్తే ‘ఆ, చూస్తున్నానండి, ఒకటి రెండు ఉన్నాయి’ అని చెప్పి పక్క గదిలోకి జారుకున్నవాళ్ళు. వాళ్ళు కూర్చున్నదీ ఖాళీ కంచం ముందే. వాళ్ళకి ఆ సీను ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు.

ఇంతకీ రంగారావు దేన్ని పట్టుకుని నిలబడతాడో తెలుసా? శ్రీశ్రీని. ఆకలేసినా శ్రీశ్రీ, కోపమొచ్చినా శ్రీశ్రీ. ‘మహాప్రస్థానం’ అతని నాలుక మీద ఉంటుంది. ఆ కవితలు చాలావరకు 1930లలో రాసినవి. పుస్తకంగా 1950లో వచ్చాయి. అంటే ఈ కుర్రాడు పట్టుకున్నది తన తండ్రి తరం నాటి కవిత్వం. అయినా అది నిన్న రాత్రి తన కోసమే రాసినట్టు చదువుతాడు. సినిమా వచ్చేనాటికి శ్రీశ్రీ బతికే ఉన్నారు, 1983లో పోయారు.

ఇక్కడ ఒక ముచ్చట. ఇదే సినిమాని బాలచందర్ తమిళంలోనూ తీశారు. అది కొన్ని వారాల ముందే, 1980లో వచ్చింది. అదే ఢిల్లీ, అదే ఆకలి, అదే కమల్ హాసన్. కానీ తమిళంలో ఆ కుర్రాడు చదివేది సుబ్రహ్మణ్య భారతిని. తెలుగులో శ్రీశ్రీని. ఎవరి కుర్రాడికి వాళ్ళ కవి. మన సినిమాలో కూడా భారతి కవితనే అనువదించి పెట్టుంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. కథ నడిచేది, పాటలు బాగానే ఉండేవి. రంగారావు మాత్రం మనవాడయ్యేవాడు కాదు. నిరుద్యోగం అందరిదీ. ఆకలి అందరిదీ. ఆ ఆకల్లో నోటికొచ్చే మాట మటుకు మనదై ఉండాలి.

ఇంకో సంగతి కూడా చూడండి. దిక్కు తోచని కుర్రాడు ఒక పుస్తకంలో తనను తాను చూసుకున్నాడు. ఆ కుర్రాడిలో హాల్లో ఉన్న కుర్రాళ్ళు తమను తాము చూసుకున్నారు. ఆ సినిమా చూశాక ‘మహాప్రస్థానం’ కొన్నవాళ్ళెందరో ఎవరూ లెక్కపెట్టలేదు. నేను మాత్రం కొన్నాను, విశాలాంధ్ర పుస్తకాల షాపులో. సగం అర్థం కాలేదు. అయినా గట్టిగా చదివేవాణ్ణి, మేడమీద, ఎవరూ లేనప్పుడు.

సినిమా చివరికొచ్చేసరికి రంగారావు ఆఫీసరు కాడు. మంగలి షాపులో పనికి కుదురుకుంటాడు, ఆ సంగతి తండ్రికి తెలుస్తుంది. హీరో పెద్దవాడైపోలేదు, విలన్ని కొట్టలేదు. కత్తెర పట్టుకుని పని చేసుకుంటున్నాడు. ఇలా ముగిసిన సినిమాని మనవాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు. కుర్రకారుకి గెలిచే హీరోలే కావాలని ఎవరైనా అంటే నేను ఈ సినిమానే చూపిస్తాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను, టైం చూసుకోవాలి కదా.

సినిమా కంటే ముందు నవల. అంపశయ్య నవీన్ గారి ‘అంపశయ్య’, 1969లో వచ్చింది. ఆ పుస్తకం పేరే ఆయన ఇంటిపేరైపోయింది. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకునే రవి అనే కుర్రాడి జీవితంలో ఒకే ఒక్క రోజు. పల్లెటూరి నుంచి వచ్చాడు, డబ్బుకి ఇబ్బంది, చుట్టూ ఉన్నవాళ్ళలో కలవలేడు, విడిగా ఉండలేడు. పెద్ద సంఘటనలు వెతక్కండి. ఆ తలలో తిరిగే ఆలోచనలే కథ. హాస్టల్లో ఉంటున్న పిల్లలెవరైనా వింటుంటే, ఒక్కసారి తిరగేయండి. యాభై ఏళ్ళ కిందటి హాస్టలే, టెన్షన్లు మాత్రం మీవే.

తర్వాత ‘ఫిదా’, 2017, శేఖర్ కమ్ముల సినిమా. బాన్సువాడ అమ్మాయి భానుమతి. తెలంగాణ యాసని మన సినిమాలు చాలాకాలం హాస్యగాళ్ళకో రౌడీలకో ఇచ్చాయి. హీరోయిన్ సాధారణంగా ఏ ఊరిదో తెలియని భాష మాట్లాడేది. ఇక్కడ హీరోయినే ఆ యాసలో పోట్లాడింది, ప్రేమించింది, తిట్టింది. సాయిపల్లవి తమిళనాడు అమ్మాయి. అయినా డబ్బింగ్ తనే చెప్పుకుంది. హైదరాబాద్ కాలేజీలో నోరు విప్పితే నవ్వుతారేమో అని భయపడి భాష మార్చుకున్న ఆడపిల్లలుంటారు. వాళ్ళు ఆ సినిమా చూస్తూ ఏమనుకుని ఉంటారో నేను ఊహించగలను. 2020లో వచ్చిన ‘కలర్ ఫోటో’ కూడా అలాంటిదే. నలుపు రంగు కుర్రాడే హీరో. అద్దం ముందు నిలబడి బాధపడిన పిల్లలకి అది వేరే సినిమా, మిగతావాళ్ళకి వేరే సినిమా.

నాకు నచ్చనిది కూడా ఒకటి చెప్పాలి. ‘నువ్వెవరు?’ అంటే ‘నేను ఫలానా హీరో ఫ్యాన్‌ని’ అని చెప్పే పిల్లలు మన దగ్గర ఎక్కువ. కటౌట్లకి పాలాభిషేకాలు, ఫోన్లలో బూతుల యుద్ధాలు, అందులోకి మెల్లగా కులం కూడా వచ్చి కూర్చుంటుంది. ఒక గుంపులో ఉన్నామన్న ధైర్యం ఆ వయసులో కావాలి, కాదనను. కానీ ఆ గుంపు మనల్ని ఏమీ అడగదు, మన గురించి మనకి ఏమీ చెప్పదు. రంగారావుని చూసి శ్రీశ్రీని చదవడం వేరు, కమల్ హాసన్ కోసం పక్కవాడి చొక్కా పట్టుకోవడం వేరు.

ఇక అమ్మానాన్నలకి, మేష్టార్లకి ఒకే ఒక్క మాట చెప్పి ముగిస్తాను. పిల్లవాడు ఒకే సినిమా నాలుగుసార్లు చూస్తున్నాడు, ఒకే నవల దిండు కింద పెట్టుకుంటున్నాడు. మనం వెంటనే ఏమంటాం? ‘ఎందుకురా అది మళ్ళీ? ఏముంది అందులో?’ అంటాం. ఎందుకని అడిగితే జవాబు రాదు. వాడికీ తెలియదు పాపం. తెలిసినా, చెబితే మనం నవ్వుతామని భయం. ఎందుకని అడగొద్దు. ‘అందులో నీకు ఎవరు నచ్చారు?’ అని అడగండి. ఎవరు అని అడగండి. మనిషి పేరు చెప్పడం తేలిక. ‘ఆ హీరో ఫ్రెండున్నాడు చూడు, వాడు’ అంటారు. ‘వాళ్ళ చెల్లెలు’ అంటారు. చాలాసార్లు హీరో పేరు రాదు, మీరే చూడండి. పేరు వచ్చాక కాసేపు ఆగండి. పాఠం చెప్పొద్దు, తీర్పు చెప్పొద్దు. ‘ఆ సీను నాకూ ఒకసారి పెట్టు’ అంటే చాలు. మిగతాది వాళ్ళే చెబుతారు, సినిమా గురించి చెబుతున్నామనుకుంటూ తమ గురించే చెబుతారు.

ఇవాళ రాత్రి భోజనాల దగ్గర అడిగి చూడండి. ముందు ‘ఎవరూ లేరు’ అంటారు, కంగారు పడకండి, రెండు రోజులాగి మళ్ళీ అడగండి. అయితే ఒక చిక్కుంది. వాళ్ళు తిరిగి ‘మరి నీకెవరు?’ అంటే తడుముకోకూడదు. నాది చెప్పేశాను. మీది ఆలోచించి పెట్టుకోండి.

సెలవు.