ఏ శాయంపేట?

శ్రోతలకు నమస్కారం.

"సారూ, మంటలు లేచినయ్, జల్ది రండి!"

"ఎక్కడమ్మా?"

"మా ఇంటి కాడ!"

అంతే, ఫోన్ కట్. వింటే నవ్వొస్తుంది గానీ, ఫైర్ స్టేషన్‌లో ఫోన్ దగ్గర కూర్చున్న మనిషికి ఇది కొత్తేమీ కాదు. ఆ తల్లిని తప్పుపట్టలేం. కళ్ల ముందు ఇల్లు కాలిపోతుంటే నింపాదిగా అడ్రసు చెప్పడం ఎవరి తరం? కానీ స్టేషన్ గేటు దాటిన బండి కుడికి తిరగాలా, ఎడమకు తిరగాలా అన్నది ఆ ఒక్క ఫోన్ మీదే ఉంటుంది. నేను అగ్నిమాపక శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. మంటలు ఎలా ఆర్పుతారో చెప్పమని నన్ను పిలిచారు. నిజం చెప్పాలంటే మంట దగ్గరికి చేరడం, చేరాక నీళ్లు సంపాదించడం, ఈ రెండింటిలోనే మా చెమటంతా పోతుంది. ఇవాళ వాటి గురించే ఎక్కువ చెబుతాను.

శాయంపేట అని ఫోన్ వచ్చిందనుకోండి. ఏ శాయంపేట? హనుమకొండలో హంటర్ రోడ్డు దగ్గర ఒకటుంది. పరకాల వైపు మండల కేంద్రం ఇంకొకటి. ఒక్క మాట చెప్పి పెట్టేస్తే డ్రైవర్ ఏం చేయాలి? 101కి చేసినా, 112కి చేసినా ముందు ఊరు, మండలం చెప్పండి. తర్వాత అక్కడ ఎవరినడిగినా చూపించే గుడో, బడో, పెట్రోల్ బంకో చెప్పండి. కాలుతున్నదేమిటో, లోపల మనుషులున్నారో లేదో చెప్పండి. గడ్డివాము అయితే నీళ్లు చాలు, పెట్రోల్ అయితే నురగ కావాలి, బావిలో మనిషి పడితే తాళ్లు, నిచ్చెన కావాలి. బండి ఎక్కేముందే అవన్నీ సర్దుకోవాలి కదా. ఇంకొక సంగతి. మాకు ఫోన్ చేసిన నంబరుతోనే వెంటనే చుట్టాలందరికీ ఫోన్లు మొదలుపెడతారు. దారి అడుగుదామని మావాళ్లు తిరిగి చేస్తే అది బిజీ. ఆ ఫోన్‌ను కాసేపు ఖాళీగా ఉంచి, ఒక పిల్లవాణ్ణి మెయిన్ రోడ్డు మలుపు దగ్గర నిలబెట్టండి. సెల్‌ఫోన్ మ్యాపు చూపే దారిలో ఫైరింజన్ పడుతుందో లేదో ఆ మ్యాపుకు తెలియదు, ఆ పిల్లవాడికి తెలుసు.

అన్నట్టు, చాలామంది దీన్ని మున్సిపాలిటీ ఫైరింజన్ అంటారు. మనది రాష్ట్ర ప్రభుత్వ శాఖ, పేరులోనే విపత్తు స్పందన కూడా ఉంది. గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌కు డీఆర్ఎఫ్ అని విపత్తుల్లో సాయపడే సిబ్బంది వేరే ఉన్నారు. చెట్టు కూలినా, నాలా పొంగినా ముందు కనిపించేది వాళ్లే. ఆపదలో మీరు ఈ తేడాలు ఆలోచిస్తూ కూర్చోవద్దు, ఫోన్ చేయండి చాలు.

ఇక నీళ్ల సంగతి. మామూలు వాటర్ టెండర్‌లో, అంటే నీళ్ల ట్యాంకున్న ఫైరింజన్‌లో పట్టేవి 4,500 లీటర్లు. ఒక పైపుతో జోరుగా కొడితే నిమిషానికి నాలుగైదు వందల లీటర్లు పోతాయి. అంటే పది నిమిషాల పని. రెండు పైపులు విప్పితే అందులో సగం. తర్వాత బండి నీళ్ల కోసం వెనక్కి తిరగాల్సిందే. అది చూసి "నీళ్లు లేకుంటనే వచ్చిండ్రు" అని తిట్లు మొదలవుతాయి.

"పక్కనే బావి ఉంది కద సార్, అందులకెల్లి గుంజుండ్రి" అంటారు. మా పంపుకు నీళ్లు పీల్చే సక్షన్ గొట్టం ఉంటుంది, నిజమే. కానీ దానికో హద్దుంది. గొట్టంలో గాలి తీసేస్తే నీళ్లను పైకి నెట్టేది బయటి గాలి ఒత్తిడే. లెక్క ప్రకారం అది 10 మీటర్ల పైచిలుకు ఎత్తగలదు. పనిలోకి దిగితే ఏడు మీటర్లు, అంటే 23 అడుగులు దాటాక నమ్మకం లేదు. ఏప్రిల్, మే నెలల్లో మన వ్యవసాయ బావుల్లో నీళ్లు ఎంత లోతుకు పోతాయో రైతులకు నేను చెప్పాలా? అందుకే ఊళ్లలో మా ట్యాంకు నింపేది చాలాసార్లు రైతు మోటారే. అక్కడే ఒక తిరకాసుంది. మంట పైన కరెంటు తీగలుంటే లైన్ ఆపకుండా మావాళ్లు నీళ్లు కొట్టకూడదు. సబ్‌స్టేషన్ నుంచి వచ్చే పెద్ద లైన్, అంటే ఫీడర్ మొత్తం ఆపేస్తే రైతు మోటారూ ఆగిపోతుంది. కాలుతున్న చోటి లైన్ వరకే ఆపి, పక్క ట్రాన్స్‌ఫార్మర్ మీది మోటార్లు నడవనిచ్చే లైన్‌మన్ ఉంటే మాకు ఇంకో ఫైరింజన్ వచ్చినట్టే. చెరువులుంటే మంచిదే గానీ బండి నీటి అంచు దాకా పోయే గట్టి దారి ఉండాలి. నిండు ట్యాంకుతో మెత్తటి మట్టిలో దిగబడితే దాన్ని లాగడానికి ప్రొక్లెయిన్ తేవాలి.

ఆ ఎండల్లోనే వరి కొయ్యకాళ్లకు నిప్పు పెడతారు. గాలి మళ్లిందంటే ఆ మంట పక్క చేనుకు, అక్కడి నుంచి తాటివనానికి పోతుంది. ఎండిన మట్టలు అంటుకుంటే తాటిచెట్టు మొవ్వు దాకా కాలుతుంది. ఒక్క అగ్గిపుల్లతో గీత కార్మికుల బతుకు పోతుంది. దీని మీద నాకు కోపం ఉంది, దాచుకోను.

వరంగల్ పాతబజారులో ఇంకో తంటా. పిన్నవారి వీధి, బట్టల బజారు వైపు ఎప్పుడైనా సాయంత్రం పూట నడిచి చూడండి. రెండు పక్కలా బండ్లు, పైన ఫ్లెక్సీలు, షాపుల ముందుకు పెంచిన రేకులు. నీళ్ల తుంపర కొట్టే మోటార్‌సైకిళ్లు, మిస్ట్ బుల్లెట్లు, మన శాఖకు వచ్చింది ఇలాంటి చోట్ల కోసమే. చిన్న మంటకు అవి చాలు. బట్టల గోదాముకు చాలవు.

బట్టల మంట కంటే నాకు భయం పత్తి మంట. ఎనుమాముల మార్కెట్ చుట్టూ, జిన్నింగ్ మిల్లుల్లో బేళ్లు పేర్చి ఉండటం మీరు చూసే ఉంటారు. ఒక్కో బేలు 170 కిలోలు, గట్టిగా అదిమి పట్టీలు వేసి ఉంటుంది. నిప్పురవ్వ పడితే పైన మంట కాసేపే. ఆరిపోయిందని అందరూ ఇళ్లకు పోతారు. లోపల మాత్రం ఎర్రగా పురుగు తొలిచినట్టు తొలుచుకుంటూ పోతుంటుంది. పత్తిపోగుకు సహజంగానే మైనం పూత ఉంటుంది, నీళ్లు కొడితే పైపైనే జారిపోతాయి. పట్టీ కోసి, బేలును విప్పి, పొరపొర తీసి తడపడం తప్ప దారిలేదు. బేలు మీద అరచెయ్యి పెట్టి వేడి చూస్తారు. చల్లగా ఉందనుకున్నది తెల్లారేసరికి మళ్లీ పొగ వదులుతుంది. అందుకే పత్తి గోదాములో మంట ఆరాక కూడా రోజుల తరబడి కాపలా ఉంటుంది.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు చేస్తారని మీకు తెలుసు. ఆ తేదీ వెనక ఉన్నదీ పత్తే. 1944లో బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ నిలిచి ఉంది. అందులో పత్తి బేళ్లు, వాటితోపాటు సుమారు 1,400 టన్నుల పేలుడు సామగ్రి. పత్తిలో నిప్పు రాజుకుంది. సిబ్బంది దాదాపు రెండు గంటలు నీళ్లు కొట్టినా మంట మొదలు ఎక్కడుందో దొరకలేదు. సాయంత్రం నాలుగు దాటాక ఓడ పేలిపోయింది. 66 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు.

మిర్చి గురించి ఒక్క మాట. మిర్చి నిల్వల్లో నిప్పు పడితే ఆ ఘాటుకు నోటికి గుడ్డ కట్టుకుని లోపలికి పోవడం వట్టి పిచ్చితనం. మావాళ్లు వీపున గాలి సిలిండరు కట్టుకుని పోతారు. గాలి తగ్గితే దానికదే విజిల్ మోగుతుంది. మోగిందంటే చేతిలో ఏ పనున్నా వదిలి బయటికి రావాల్సిందే.

వంటింటి జాగ్రత్తలు మీరు ఇదివరకే విని ఉంటారు, తొందరగా చెబుతాను. గ్యాస్ గాలికంటే బరువు, నేలమీదే పరుచుకుంటుంది. వాసన వస్తే స్విచ్ వేయొద్దు, ఆపొద్దు కూడా. రెగ్యులేటర్ కట్టేసి తలుపులు తెరిచి బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయండి. బూరెల మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోయకండి. నీళ్లు నూనె అడుక్కు పోయి ఒక్కసారిగా ఆవిరై మంటను మీ మొహం మీదికి ఎగదోస్తాయి. పొయ్యి ఆపి మూత పెట్టండి.

నిప్పు ఒక్కటే కాదు, నీళ్లకూ మావాళ్లనే పిలుస్తారు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వానకే భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిలో మోరంచవాగు ఊళ్లోకి వచ్చి జనం డాబాల మీదికి ఎక్కారు. బోట్లు పోయాయి, హెలికాప్టర్లు వచ్చాయి. అలాంటప్పుడు కష్టమేమిటంటే బోటును కూడా లారీ మీదనే తేవాలి, ఆ లారీ వచ్చే రోడ్డు వాగు కింద ఉంటుంది. అందుకే అక్కడ చేపలు పట్టేవాళ్ల తెప్పలు, ఊరి ఈతగాళ్లు మాకు ఎంతో విలువైనవాళ్లు. అయితే వాళ్లు కూడా నడుముకు తాడు లేకుండా దిగకూడదు.

చివరగా, చాలామందికి తెలియక నష్టపోయే సంగతి ఒకటి. మంట చిన్నది, మేమే ఆర్పేసుకున్నాం, ఇంకెందుకులే అని మాకు ఫోన్ చేయరు. తర్వాత ఇన్సూరెన్స్ వాళ్లు ఫైర్ స్టేషన్ ఇచ్చిన సర్టిఫికెట్ తెమ్మంటారు. మేము రాని మంటకు మా రికార్డులో ఏముంటుంది? ఆరిపోయినా సరే పిలవండి. మావాళ్లు వచ్చి నిప్పు ఎక్కడైనా దాగి ఉందేమో కెలికి చూస్తారు, రిజిస్టర్‌లో రాసుకుంటారు. తర్వాత స్టేషన్‌లో అర్జీ పెట్టుకుంటే సర్టిఫికెట్ ఇస్తారు.

ఉంటాను, నమస్కారం.