చెప్పండి, వింటున్నాను

నమస్తే. ఇంటర్ రిజల్ట్స్ వస్తున్నాయంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. 2019లో తెలంగాణలో ఫలితాలు వచ్చాక ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అలాంటి పిల్లలు ఫోన్ చేస్తే ఎత్తే మనుషులు కావాలి. "మేం సైకాలజీ చదవలేదు కదా" అని హెల్ప్‌లైన్‌లో చేరడానికి వెనకాడేవాళ్ల కోసమే ఈ వీడియో.

ఈ పని మొదలుపెట్టింది డాక్టర్లు కాదు. లండన్‌లో చాడ్ వరా అనే చర్చి ఫాదర్ ఉండేవారు. ఆయన తొలి రోజుల్లో ఒక పద్నాలుగేళ్ల అమ్మాయికి అంత్యక్రియలు జరిపించారు. మొదటిసారి నెలసరి వస్తే ఏదో చెడ్డ రోగం అనుకుని, ఎవరినీ అడగలేక ప్రాణం తీసుకుంది ఆ పిల్ల. అడగడానికి ఒక్క మనిషి లేకపోయారు! 1953లో ఆయన ఇలాంటివాళ్ల కోసం ఒక ఫోన్ పెట్టారు. ఆయన్ని కలవడానికి వచ్చేవాళ్లు ఎక్కువయ్యాక, వాళ్లకు టీ ఇచ్చి కూర్చోబెట్టడానికి కొందరు వలంటీర్లు చేరారు. చిత్రం ఏమిటంటే, చాలామంది ఆ వలంటీర్లతో మాట్లాడి, ఫాదర్‌ని కలవకుండానే తేలికపడి వెళ్లిపోయేవారు. అది చూసి 1954లో ఆయన ఫోన్ వాళ్లకే అప్పగించారు. అదే సమారిటన్స్ అనే హెల్ప్‌లైన్ సంస్థ. మన వైపు ఇలాంటి హెల్ప్‌లైన్లే, చెన్నైలో స్నేహ 1986లో, సికింద్రాబాద్‌లో రోష్ని 1997లో వచ్చాయి.

ట్రైనింగ్‌లో ఎక్కువ భాగం నోరు అదుపులో పెట్టుకోవడమే. "ఈ మాత్రానికేనా? అమ్మానాన్నల గురించి ఆలోచించవా?" అని మనం ఇట్టే అనేస్తాం. వాళ్లకు ముఖం చూపించలేకే ఫోన్ చేసిన పిల్లాడికి ఆ మాట ఇంకో దెబ్బ. "చెప్పండి, వింటున్నాను" అని ఆగాలి. ఏడిస్తే ఏడవనివ్వాలి. ఏమీ మాట్లాడకపోయినా లైన్‌లో ఉండాలి. ఆ మౌనాన్ని భరించడమే అన్నిటికంటే కష్టమని నా అభిప్రాయం.

"చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగాలి కూడా. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని భయం. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ మాట పైకి చెప్పుకోవడానికి చాలామందికి దొరికే మొదటి అవకాశం అదే. ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే వెంటనే సీనియర్లను పిలవాలి, ఒక్కరే మోయకూడదు.

పోలీస్ కేసు అవుతుందని నోరు విప్పనివాళ్లూ ఉంటారు. 2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, మామూలుగా శిక్షించకూడదు.

చేరాలనుకునేవాళ్లకు ఒక మాట. మీ ఇంట్లో ఈ మధ్యే ఎవరైనా ఇలా పోయి ఉంటే, ఇప్పుడే చేరకండి. ముందు మీ బాధ ఎవరితోనైనా చెప్పుకోండి. కేంద్ర ప్రభుత్వం 2022లో తెచ్చిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416. ఏ వేళకైనా చేయొచ్చు, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు.