దారి తప్పిన కాంతి

అందరికీ నమస్కారం. సముద్రం దగ్గర మొదలుపెడతాను. అలల ఒత్తిడికి ఎక్కడో దూరంగా ఉన్న నేల కూడా ఆరేడు సెకన్లకోసారి మెల్లగా ఊగుతుంటుంది. మన కాళ్ళకు అది తెలియదు. గురుత్వ తరంగాలను, అంటే స్థలకాలంలో వచ్చే అతి చిన్న అలలను పట్టే అమెరికాలోని లైగో పరికరానికి తెలుస్తుంది. అయితే నెమ్మదైన ఊపులా కాదు, 18 హెర్ట్జ్ (సెకనుకు 18 సార్లు) దాకా పోయే గోలలా!

ఎలాగంటే, లైగోలో 4 కిలోమీటర్ల వాక్యూమ్ గొట్టాలు రెండు, వాటి కొసల్లో అద్దాలు. ఎంత నున్నని అద్దమైనా రవ్వంత లేజర్ కాంతిని పక్కకు చిమ్ముతుంది. అది ఏ గోడకో తగిలి మళ్ళీ అసలు కాంతిలో కలుస్తుంది. గోడ అర మైక్రాన్ కదిలినప్పుడల్లా కలిసిన కాంతి ఒకసారి హెచ్చి తగ్గుతుంది. గోడ అటూ ఇటూ పదేసి మైక్రాన్లు ఊగితే? ఒక్క ఊపులోనే ఆ హెచ్చుతగ్గులు డజన్ల కొద్దీ. గ్రాఫులో అవి కమానుల్లా వరసగా కనిపిస్తాయి.

తిరిగొచ్చేది లక్ష కోట్లలో ఒక వంతే కదా అనిపించవచ్చు. కానీ ఇక్కడ లెక్కకు వచ్చేది శక్తి కాదు, దాని వర్గమూలం. అంటే పది లక్షల్లో ఒక వంతు. ప్రోటాన్ కంటే ఎన్నో రెట్లు చిన్న కదలికను వెతికే చోట అది చాలా ఎక్కువ.

2019 నుంచి లైగోలో స్క్వీజ్డ్ లైట్ అనే ప్రత్యేకమైన కాంతిని వాడుతున్నారు. ఫోటాన్ల (కాంతి రేణువుల) రాకలోని గజిబిజిని, అంటే క్వాంటమ్ రొదను, అది తగ్గిస్తుంది. పేరంతా దానికే వచ్చింది. చెదిరిన కాంతిని ఆపేందుకు గొట్టాల్లో నల్లని అడ్డుపలకలు బిగించినవాళ్ళను ఎవరూ తలవరు, అది నాకు నచ్చదు. ఎందుకంటే క్వాంటమ్ రొద తగ్గేకొద్దీ, దాని చాటున దాక్కున్న చిల్లర గోలలు బయటపడతాయి. పైగా ఆ స్క్వీజ్డ్ లైట్‌ను తయారుచేసే స్క్వీజర్ కూడా చెదిరిన కాంతికి ఒక కొత్త దారే. ప్రధాన కాంతి కొంచెం వెనక్కి జారి, స్క్వీజర్‌లోని స్ఫటికం దాకా వెళ్ళి తిరిగి రాగలదు. అందుకే ఒకవైపే కాంతిని పోనిచ్చే ఫారడే ఐసొలేటర్లు పెట్టారు, స్ఫటికాన్ని వాక్యూమ్‌లోనే వేలాడదీశారు.

చెదిరిన కాంతి చేసే నష్టం ఇంకోటి. పోయిన ప్రతి ఫోటాన్ చోటులో మామూలు క్వాంటమ్ గజిబిజి వచ్చి చేరుతుంది. దారిలో 10 శాతం కాంతి పోయిందా, ఎంత గొప్ప స్క్వీజర్ పెట్టినా ఆ రొద పదో వంతుకు దిగువకు రాదు.

ఒకప్పుడు లైగోలో ఈ కమానులు తెగ విసిగించాయి. కొసలోని అద్దానికీ, దాని వెనకే వేలాడే మరో బరువుకూ మధ్య కాంతి పదే పదే ఎగిరిపడుతోందని తేలింది. 2020 జనవరిలో కంట్రోల్ మార్చి, ఆ బరువు అద్దంతో పాటే కదిలేలా చేశారు. కమానులు బాగా తగ్గిపోయాయి.