వర్చువల్ మెషిన్ తెరవగానే ల్యాప్‌టాప్ బ్యాటరీ కరిగిపోతోందా?

నమస్కారం. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు, ఒడియా రెండూ అచ్చువేసే ప్రెస్సుల్లో డీటీపీ చేసేవారి కోసం ఈ వీడియో. శుభలేఖ ఒక వైపు తెలుగులో, రెండో వైపు ఒడియాలో కూర్చాలి. పేజీలు కూర్చే పాత పేజ్‌మేకర్, ‘అను’ ఫాంట్లు కొత్త విండోస్‌లో ఇబ్బంది పెడుతున్నాయని కొందరు వర్చువల్‌బాక్స్‌లో, అంటే కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను (వర్చువల్ మెషిన్‌ను) నడిపే ప్రోగ్రామ్‌లో, విండోస్ 7 వేసుకొని వాడుతున్నారు. మంచి ఏర్పాటే. కానీ వైశాఖంలో, ముహూర్తాల ఒత్తిడి మీదున్నప్పుడే, సాయంత్రం గాలివానకు కరెంటు పోతుంది. ఐదు గంటలు రావలసిన ల్యాప్‌టాప్ రెండున్నర గంటలకే చేతులెత్తేస్తుంది. కొత్త బ్యాటరీకి డబ్బు పోసే ముందు ఒక్కసారి ఇది చూడండి.

ఎన్విడియా చిప్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా తెర మీద బొమ్మ గీసే గ్రాఫిక్స్ చిప్‌లు రెండు ఉంటాయి. ప్రాసెసర్‌లోనే ఇమిడి ఉన్నది చిన్నది, దానికి తక్కువ విద్యుత్తు చాలు. విడిగా అమర్చినది పెద్దది, ఆటలకూ వీడియో ఎడిటింగ్‌కూ పెట్టినది. 2010లో ఎన్విడియా ఆప్టిమస్ పేరుతో తెచ్చిన పద్ధతి ప్రకారం, పని లేనప్పుడు పెద్ద చిప్ నిద్రపోతుంది. ఏదైనా ప్రోగ్రామ్ పిలిస్తే లేస్తుంది. ఆ ప్రోగ్రామ్ దాన్ని వదిలితేనే మళ్లీ పడుకుంటుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. వర్చువల్ మెషిన్‌లో త్రీడీ యాక్సిలరేషన్ పెట్టి ఉంటే, లోపలి విండోస్ తన తెరను గీయడానికి బయటి గ్రాఫిక్స్ చిప్ సాయం తీసుకుంటుంది. ఆ పని పెద్ద చిప్‌కు దక్కిందంటే, మీరు లోపల ఒక్క అక్షరం కొట్టకపోయినా, విండోను మినిమైజ్ చేసి పక్కన పెట్టినా, అది మేలుకొనే ఉండవచ్చు. 50 వాట్-అవర్ల బ్యాటరీ అనుకుందాం. ల్యాప్‌టాప్ మొత్తం 10 వాట్లు వాడుతుంటే 5 గంటలు వస్తుంది. పెద్ద చిప్ మరో 10 వాట్లు లాగిందా, రెండున్నర గంటలే. శుభలేఖలో వినాయకుడి బొమ్మ, శ్లోకం, వధూవరుల పేర్లు, వేదిక. వీటిలో త్రీడీతో పనేముంది?

ముందు రోగం ఇదేనని తేల్చుకుందాం. చార్జర్ తీసేయండి. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి, పైన డెస్క్‌టాప్ మెనూలో జీపీయూ (అంటే గ్రాఫిక్స్ చిప్) యాక్టివిటీ ఐకాన్ చూపించమనే వరుసకు టిక్కు పెట్టండి. గడియారం పక్కన చిన్న గుర్తు వస్తుంది. ఇప్పుడు బూడిద రంగులో ఉంది కదా, అంటే చిప్ నిద్రలో ఉంది. విండోస్ 7 మెషిన్‌ను స్టార్ట్ చేస్తున్నాను, గుర్తునే చూస్తూ ఉండండి. రంగులు వచ్చాయి. దాని మీద నొక్కితే చిప్‌ను వాడుతున్న ప్రోగ్రామ్ పేరు కూడా కనిపిస్తుంది. మీ దగ్గర బూడిద రంగులోనే ఉండిపోతే కారణం వేరే ఎక్కడో ఉంది, ఈ వీడియో మీకు పనికిరాదు.

ఇప్పుడు సరిచేద్దాం. లోపలి విండోస్‌ను పూర్తిగా షట్ డౌన్ చేయండి. మెషిన్ సేవ్ స్టేట్‌లో, అంటే ఉన్నదున్నట్టు ఆపి దాచిన స్థితిలో, ఉన్నా ఈ సెట్టింగ్ మార్చనివ్వదు, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. తర్వాత మెషిన్ సెట్టింగ్స్, డిస్‌ప్లే, అందులో త్రీడీ యాక్సిలరేషన్ టిక్కు తీసేయండి. మళ్లీ స్టార్ట్ చేసి ఆ గుర్తును చూడండి. విండోస్ 7లో అద్దంలా కనిపించే అంచులు పోయి మామూలు అంచులు వస్తాయి. అక్షరాలకు, ఒత్తులకు, ప్రింటుకు ఏమీ కాదు.

లోపల నిజంగా త్రీడీ అవసరమైనవారు టిక్కు ఉంచుకొని ఇంకో దారి పట్టవచ్చు. బయటి విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌కు వెళ్లండి. ప్రోగ్రామ్‌లవారీగా చిప్‌ను ఎంచుకునే ఈ వీలు విండోస్ 10కు 2018లో వచ్చింది. వర్చువల్‌బాక్స్ తయారీదారు ఒరాకిల్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లోని వర్చువల్‌బాక్స్‌ను జోడించి పవర్ సేవింగ్ (అంటే చిన్న చిప్) ఇచ్చినా ఏమీ మారలేదనేవారు ఈ మాట గుర్తుపెట్టుకోండి: ఆ పేరుతో ఉన్న ఫైలు మెషిన్ల జాబితా చూపించే విండో మాత్రమే. మెషిన్‌ను నడిపేది అదే ఫోల్డర్‌లోని వర్చువల్‌బాక్స్‌వీఎం అనే ఫైలు. పవర్ సేవింగ్ ఇవ్వవలసింది దానికి. తర్వాత మెషిన్‌ను మూసి మళ్లీ తెరవాలి.

ఇంకో సంగతి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ సాకెట్టు నేరుగా పెద్ద చిప్‌కే కలిపి ఉంటుంది. బయటి మానిటర్ తగిలించి ఉన్నంతసేపు ఏ సెట్టింగ్ మార్చినా ఆ చిప్ పడుకోదు. కరెంటు పోగానే ఆ కేబుల్ తీసేయండి.

పార్టీవారు ప్రూఫ్ చూసి రేపు చెబుతామంటే మెషిన్‌ను మినిమైజ్ చేసి వదిలేయకండి. పేజ్‌మేకర్‌లో ఫైలు సేవ్ చేసి, విండో మూసేటప్పుడు సేవ్ మెషిన్ స్టేట్ ఎంచుకోండి. మర్నాడు తెరిస్తే వదిలిన పేజీయే వస్తుంది, ఈలోగా మెషిన్ బ్యాటరీని తాకదు.