తాళంచెవి నా దగ్గరే ఉండేది

(విజయవాడలో 2025 మే డే సభలో ఒక విశ్రాంత ఉద్యోగిని చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, వేదిక మీది నాయకులకు, ముందు వరసలో కూర్చున్న నాతోటి పెన్షనర్లకు, వెనక నిలబడిన కాంట్రాక్టు ఉద్యోగులకు మే డే శుభాకాంక్షలు. ఆ వెనకవారికి కుర్చీలు వేయండి బాబూ, పక్క గదిలో బోలెడన్ని ఉన్నాయి. శాలువా కప్పారు, సంతోషం. ఈ ఎండకు తీసి పక్కన పెడుతున్నాను, ఏమీ అనుకోకండి.

ఎనిమిది గంటల పనిదినం చరిత్ర చెప్పమన్నారు. 1886లో షికాగో కార్మికులు వీధుల్లోకి రావడం, హే మార్కెట్ దగ్గర బాంబు పేలడం, నాయకులను ఉరితీయడం మీకు ఏటా ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. నేను ఆ ఎనిమిది గంటలూ మంచినీళ్లు ముట్టకుండా పనిచేసిన ఒక ఉద్యోగిని గురించి చెబుతాను.

మీలో పాతవారికి గుర్తుండాలి. నేను చేరినప్పుడు మన ఆఫీసులో ఆడవాళ్లకు బాత్రూము లేదు. ఏడుగురం ఉండేవాళ్లం. భోజనాల వేళ పక్క వీధిలో ఉన్న ఒకావిడ ఇంటికి నడిచి వెళ్లేవాళ్లం. నెలసరి రోజుల్లో సెలవు పెట్టి, కారణం దగ్గర జ్వరం అని రాసేవాళ్లం. చివరికి 1986లో మూడు రోజులు మెట్ల మీద బైఠాయించాం. "ఇదేమి కోరికమ్మా, నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గు లేదా" అని ఒక పెద్దమనిషి అడిగారు. మేము లేవలేదు. బాత్రూము కట్టారు. మగవాళ్లు వాడుతున్నారని తాళం వేయించాం. తాళంచెవి నా సొరుగులో ఉండేది. ముప్ఫై ఏళ్లు.

చప్పట్లు వద్దు. ఆగండి. అసలు సంగతి ఇంకా చెప్పలేదు.

2015లో డేటా ఎంట్రీకి ఏజెన్సీ తరఫున ఒక అమ్మాయి వచ్చింది. ట్రాన్స్ మహిళ. పేరు చెప్పను, ఆమెను అడగకుండా చెప్పే హక్కు నాకు లేదు. బీకాం చదివింది. టైపు కొడుతుంటే రేకుల మీద వాన పడినట్టుండేది. సర్టిఫికెట్లలో పాత పేరు ఉందని హాజరు పట్టీలో అదే ఎక్కించారు. రోజూ ఉదయం సూపరింటెండెంటు ఆ మగ పేరును సెక్షనంతా వినేలా పిలిచేవారు. ఆమె తలెత్తకుండా వచ్చి సంతకం పెట్టేది. తాను ఆడో, మగో, మరొకరో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని, అందుకు ఆపరేషను చేయించుకోవాలని పట్టుబట్టకూడదని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న చెప్పింది. అంటే అప్పటికే ఏడాది దాటింది. ఆ వార్తను పేపరులోంచి కత్తిరించి మన నోటీసు బోర్డుకు అంటించింది ఎవరనుకున్నారు? నేనే.

మూడో రోజో నాలుగో రోజో నా బల్ల దగ్గరికి వచ్చి, "మేడమ్, తాళంచెవి ఇస్తారా" అని అడిగింది.

నేను ఇవ్వలేదు.

"మిగతా ఆడవాళ్లు ఇబ్బంది పడతారమ్మా" అన్నాను. మిగతావాళ్లను నేను అడగనే లేదు. తరవాత యూనియను తరఫున అధికారితో మాట్లాడి, ప్రహరీ పక్కన వాచ్‌మన్ వాడే మరుగుదొడ్డిని ఆమె కూడా వాడుకునేలా ఒప్పించాను. గెలిచాననుకున్నాను. ఇంటికి వెళ్లి మా ఆయనకు గొప్పగా చెప్పుకున్నాను కూడా. దాని తలుపుకు గడియ లేదు. మూడంతస్తులు దిగి మళ్లీ ఎక్కి రావడానికి పావుగంట. సీట్లో కనబడలేదని రెండు మెమోలు ఇచ్చారు. దాంతో ఆ పిల్ల నీళ్లు తాగడం మానేసింది. విజయవాడలో, మే నెలలో! మా అందరి బల్లల మీదా సీసాలుండేవి, ఆమె బల్ల మీద ఉండేది కాదు. అది నాకు కనిపించేది. ఏదో ఉపవాసం కాబోలు అనుకోవడం నాకు సులువుగా ఉండేది.

మూత్రంలో ఇన్ఫెక్షను వచ్చి ఆసుపత్రిలో చేరింది. నాలుగు రోజులకు సెలవు చీటీ పంపింది. కారణం దగ్గర జ్వరం అని రాసింది. ఐదో రోజు ఏజెన్సీ నుంచి ఆమెకు ఫోను వెళ్లింది, రేపటి నుంచి రానక్కరలేదని. ఉత్తర్వు లేదు, ఒక్క కాగితం లేదు. ఏజెన్సీ మనిషి కాబట్టి యూనియనుకు సంబంధం లేదని తేల్చినవారిలో నేనూ ఉన్నాను.

ఎవరో నవ్వారు. నవ్వండి. 1986లో మా ఏడుగురినీ చూసి ఇలాగే నవ్వారు.

చట్టం లేదా అంటే, ఇప్పుడుంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం 2019లో చేశారు, 2020 జనవరి 10 నుంచి అమల్లోకి వచ్చింది. నియామకంలో, ప్రమోషన్‌లో, ఉద్యోగానికి సంబంధించిన ఏ విషయంలోనూ ట్రాన్స్‌జెండర్లపై వివక్ష చూపకూడదని తొమ్మిదో సెక్షను. ప్రతి సంస్థలో ఒక ఫిర్యాదుల అధికారి ఉండాలని పదకొండో సెక్షను. 2020 నియమాల్లో అందరూ వాడుకోగల మరుగుదొడ్ల ప్రస్తావన కూడా ఉంది. మన ఆఫీసులో ఆ ఫిర్యాదుల అధికారి ఎవరో తెలిసినవారు చేతులెత్తండి. చూశారా. శిక్షల సెక్షను పద్దెనిమిదోది, రెండుసార్లు చదివాను. వెట్టిచాకిరీ చేయించినా, ఇంట్లోంచి గెంటినా, చివరికి లైంగిక దాడి చేసినా ఆరు నెలల నుంచి రెండేళ్లేనట! ఉద్యోగంలోంచి తీసేసినవారి ఊసు ఆ జాబితాలో అసలు లేదు.

2017లో కొచ్చి మెట్రో 23 మంది ట్రాన్స్‌జెండర్లకు ఉద్యోగాలిస్తే దేశమంతా మెచ్చుకుంది. నెల తిరగకుండానే కొందరు మానేశారు. అద్దెకు గది ఇచ్చేవారు లేక. పోయిన డిసెంబరులో హైదరాబాదులో 39 మంది ట్రాఫిక్ అసిస్టెంట్లుగా చేరారు. ఆ ఫోటో చూసి సంతోషించాను. మరుక్షణం నాకు వచ్చిన ఆలోచన ఒక్కటే: ఆ కూడలిలో నిలబడినంతసేపూ వీళ్లు ఎక్కడికి వెళతారు? నా బుర్ర ఇక అక్కడే తిరుగుతుంది, ఏం చేయను.

సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. అలాగే. ఈరోజు తీర్మానాల కాగితంలో పదకొండు డిమాండ్లున్నాయి, మొదటిది డీఏ బకాయిలు. పన్నెండోది కలపండి. ఫిర్యాదుల అధికారి పేరు, ఫోను నంబరు నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఏజెన్సీ ఉద్యోగులకూ వర్తించాలి. హాజరు పట్టీలో ఎవరు ఏ పేరు చెప్పుకుంటే ఆ పేరే రాయాలి. ఆ బాత్రూముకు ఇప్పటికీ తాళం వేస్తున్నారట, తాళంచెవి అడిగిన ఏ ఆడమనిషికీ లేదనకూడదు. కార్యదర్శిగారూ, ఆ కాగితం ఇటివ్వండి, నేనే రాస్తాను. నా కళ్లద్దాలు ఎక్కడ పెట్టాను? ఆ శాలువా కింద ఉన్నాయేమో చూడమ్మా.