లేవని ఆ 137.5 కిలోలు

(నల్గొండలో డిగ్రీ విద్యార్థినులు తీసిన డాక్యుమెంటరీ ప్రదర్శనకు ముందు ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలి ప్రసంగం)

అందరికీ నమస్కారం.

వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి మీద మన పిల్లలు చేసిన డాక్యుమెంటరీ ఇంకాసేపట్లో చూస్తారు. నెల కింద నాకు మొదటి కూర్పు చూపించారు. బాగుంది. కానీ సిడ్నీ ఒలింపిక్స్ ఘట్టంలో 130 కిలోలు లేవగానే మెడలో పతకం పడింది. "మూడో ప్రయత్నం ఏదమ్మా?" అని అడిగాను. "అది ఫెయిలైంది కదా మేడం, తీసేశాం" అన్నారు.

నాకు మనసు ఒప్పలేదు. ఎందుకో చెప్తాను.

2000 సెప్టెంబర్ 19. ఒంటి బరువు 69 కిలోలు దాటనివాళ్ల విభాగం. ఒకే ఊపులో తలపైకెత్తే స్నాచ్‌లో 110, ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి ఎత్తే క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. 130 కిలోలంటే ఎంతో తెలియాలంటే మిర్యాలగూడ రైస్ మిల్లుకు పోండి. యాభై కిలోల బస్తాలు రెండు, వాటి మీద ఇంకో ముప్పై కిలోలు. డెబ్బై కిలోలు కూడా లేని మనిషి అంత బరువును తలపైకెత్తి నిలబెట్టింది. ఇంకొక్క ప్రయత్నం మిగిలింది. బార్ మీద 137.5 పెట్టించుకుంది. లేస్తే మొత్తం 247.5, బంగారం. లేవలేదు. బంగారం, వెండి గెలిచిన ఇద్దరూ ఎత్తింది 242.5 చొప్పునే.

ఒలింపిక్స్‌లో భారత మహిళకు అదే మొదటి పతకం. ఆ ఏడాది దేశం మొత్తానికి దక్కింది కూడా అదొక్కటే. అయినా ఆమె ఆ రోజు కాంస్యం కోసం రాలేదు. ఆ సంగతి చెప్పేది లేవని ఆ బార్ ఒక్కటే. దాన్ని తీసేస్తే మీ చేతిలో మిగిలేది పతకం ఫొటో.

ఇంకొకటి కూడా ఆలోచించండి. 1994లో ఇస్తాంబుల్‌లో, 1995లో గ్వాంగ్‌జౌలో ఆమె 54 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్. మంచి ఊపు మీదున్న ఆ రోజుల్లో, 1996 అట్లాంటాలో, ఆడవాళ్లకు వెయిట్‌లిఫ్టింగే లేదు! ఒలింపిక్స్‌లో దాన్ని సిడ్నీలోనే మొదలుపెట్టారు. అప్పటికి ఆమె విభాగం మారిపోయింది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి బయల్దేరిన పిల్ల అన్నేళ్లు ఆగి, అంత బరువు అడిగిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

నేను మర్రిగూడ వైపు పెరిగినదాన్ని. ఫ్లోరైడ్ నీళ్లకు నడుము వంగిపోయినవాళ్లను, కాళ్లు వంకర తిరిగిన పిల్లలను చూస్తూ పెరిగాను. ఆడపిల్ల వెన్ను నిటారుగా పెట్టి బరువెత్తుతుంటే మాకు అది ఒట్టి ఆట కాదు.

నేను పనిచేసిన ఒక స్కూల్లో బార్, ప్లేట్లు గదిలో పెట్టి తాళం వేసేవారు. ఆడపిల్లలు ముట్టుకుంటే పెళ్లి కాదనేవారు. అదే పిల్లలు పొద్దున నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకుని కిలోమీటరు నడిచి వచ్చేవాళ్లు. అప్పుడు గట్టిగా అడగలేకపోయాను. ఆ బాధ నాకు ఇంకా ఉంది. అందుకే ఈ పిల్లల దగ్గర అంత పట్టుబట్టాను.

ఆ మూడో ప్రయత్నాన్ని మళ్లీ చేర్చారు. దాని మీద సంగీతం కూడా వేయలేదు, మంచి పని చేశారు. ఆ ముక్క వచ్చినప్పుడు పక్కవాళ్లతో మాట్లాడకుండా చూడండి.

లైట్లు ఆర్పండమ్మా.